సగం ఎరువుతో ఏ టమాటా నిలబడుతుందో చెప్పించండి: వ్యవసాయ, ఉద్యాన శాఖల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ, ఉద్యాన శాఖల మంత్రి గారికి,

నమస్కారం.

మదనపల్లె చుట్టుపక్కల టమాటా పండించే రైతుల్లో నేనూ ఒకణ్ణి. చేనుతో పాటు చిన్న నారు నర్సరీ కూడా నడుపుతున్నాను. ఏ రైతు ఏ రకం కావాలంటున్నాడో, ఎందుకు కావాలంటున్నాడో రోజూ వింటూనే ఉంటాను. ఈమధ్య ప్రోట్రేలు (నారు పెంచే గుంతల ట్రేలు) తీసుకెళ్లడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ ముందు అడిగేది, "అన్నా, వైరస్‌కు తట్టుకునేది ఏముంది?" అని. దిగుబడి, కాయ సైజు మాటలు ఆ తర్వాతే. తక్కువ ఎరువుతో ఏది కాస్తుందని మాత్రం ఎవరూ అడగరు. అడిగినా నా దగ్గర జవాబు లేదు. సీడ్ షాపులో లేదు, ప్యాకెట్ మీదా లేదు. ఈ రెండు ప్రశ్నలకూ కలిపి మన ప్రభుత్వమే పొలంలో పరీక్ష పెట్టి జవాబు చెప్పాలని కోరడానికే ఈ లేఖ.

రైతులు అడిగే ఆ వైరస్ వల్ల టమాటాకు వచ్చేదే ఆకుముడత రోగం. అది ఎలా వస్తుందో మీకు అధికారులు చెప్పే ఉంటారు. చేలో చూస్తే అది ఇలా ఉంటుంది. నాటిన మూడు నాలుగు వారాలకు ఒకటీ అరా మొక్కల్లో చిగురు ఆకులు చిన్నవై, అంచులు పసుపు తిరిగి, దోనెలా పైకి ముడుచుకుంటాయి. పట్టుకుంటే పెళుసుగా విరుగుతాయి. మొక్కను కొంచెం కదిలిస్తే ఆకుల అడుగు నుంచి తెల్లదోమ గుప్పున లేస్తుంది. అప్పటి నుంచి ఆ మొక్క ఎదగదు, గిడసబారి గుబురుగా అక్కడే ఉండిపోతుంది. పూత రాలిపోతుంది. ఎండాకాలం పంటలో అయితే రెండు వారాల్లో సాళ్లకు సాళ్లు అలాగే అయిపోతాయి. రోగం పట్టిన మొక్క రసం పీల్చిన తెల్లదోమ బతికినన్నాళ్లూ ఆ వైరస్‌ను మోస్తూ తిరుగుతుంది. మనం కొట్టిన మందు తగిలి చచ్చేలోపే పక్క మొక్కకు అంటించేస్తుంది. అందుకే రోజు విడిచి రోజు మందు కొట్టినవాడి చేను కూడా పోతోంది. నర్సరీలో సన్నని నైలాన్ నెట్ కడతాం, చేలో పసుపు జిగురు అట్టలు పెడతాం. అవి కొంతవరకే. అసలు బలం విత్తనంలో ఉండాలి.

ఈ బలం ఎక్కడో విదేశాల్లోనే ఉందనుకుంటే పొరపాటు. 1990 ప్రాంతంలో హర్యానాలోని హిస్సార్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఒక అడవి టమాటా జాతితో మామూలు టమాటాను సంకరం చేసి హెచ్-24 అనే వంగడాన్ని తెచ్చారు. అందులో ఉన్న జన్యువునే ఇప్పుడు టీవై-2 అంటున్నారు. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం తన టమాటా వంగడాల్లో దాన్ని వాడుకుంది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తెచ్చిన అర్క రక్షక్ అనే హైబ్రిడ్ ఆకుముడత, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకుంటుంది. ఆ తర్వాత అర్క అభేద్ వచ్చింది, అది నాలుగో తెగులుకు కూడా. ఆ సంస్థ ఉన్న హెసరఘట్ట మా ఊరి నుంచి ఒక్క పూట ప్రయాణం. అయినా సీజన్‌లో ఆ విత్తనం కావాలంటే మా మండలంలో దొరకదు. రైతు సేవా కేంద్రంలో యూరియా, వరి విత్తనాలు, వేరుశనగ దొరుకుతాయి. ప్రజల డబ్బుతో తయారైన కూరగాయల హైబ్రిడ్ అక్కడ ఎందుకు దొరకదు?

ఒకసారి మంచి రకం వచ్చేసింది కదా, ఇక పని అయిపోయింది అనుకోవడానికి లేదు. బెండ సంగతి చూడండి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ ఇచ్చిన పూసా సవాని ఒకప్పుడు పల్లాకు తెగులుకు తట్టుకుంటుందని దేశమంతా పాకింది. కొన్నేళ్లకు ఆ గుణం పోయింది. తర్వాత అడవి బెండతో సంకరం చేసి పర్భణి క్రాంతి, అర్క అనామిక తెచ్చారు. ఇప్పుడు అర్క అనామిక చేలో కూడా ఆకులు పసుపు వలలా మారిపోవడం రైతులు చూస్తున్నారు. వైరస్ మారుతుంది, విత్తనమూ మారుతూ ఉండాలి. టమాటా ముడతకు కారణం ఒక్క వైరస్ కాదు, బెంగళూరు వైపు ఒకటి, ఢిల్లీ వైపు ఇంకొకటి, ఇలా ఎన్నో ఉన్నాయి. టీవై-2 కొన్నింటిని ఆపుతుంది, కొన్నింటి ముందు చేతులెత్తేస్తుంది. టీవై-3 లాంటి ఇంకో జన్యువుతో జోడిస్తేనే బలం పెరుగుతుంది. మరి ఈ ఎండాకాలం మదనపల్లె, పలమనేరు, పత్తికొండ చేలల్లో తిరుగుతున్నది ఏ వైరస్? అది తెలియకుండా ఏ రకం వేయమని చెప్తారు? తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయానికి వైరాలజీ విభాగమే ఉంది. ఏటా మార్చిలో మా చేలల్లోంచి ఆకులు తీసుకెళ్లి పరీక్షించి, ఫలితాన్ని రైతు సేవా కేంద్రం బోర్డు మీద తెలుగులో అంటించమని వాళ్లకు పని అప్పగించండి. దానికయ్యే ఖర్చు కన్నా మేము వృథాగా కొట్టే మందుల ఖర్చే ఎక్కువ.

ఇక ఎరువు సంగతి. దీని గురించే నాకు ఎక్కువ బాధ, ఎందుకంటే దీని మీద మాట్లాడేవాళ్లే తక్కువ.

2025 ఖరీఫ్‌లో యూరియా బస్తా కోసం రైతులు చెప్పులు వరసలో పెట్టి నిలబడ్డ ఫొటోలు మీరు చూసే ఉంటారు. భాస్వరం కోసం వేసే డీఏపీ ఎరువు 50 కిలోల బస్తా 1,350 రూపాయలు. దాని అసలు ఖరీదు అంతకన్నా చాలా ఎక్కువ, మిగతాది సబ్సిడీగా ప్రభుత్వం భరిస్తోంది, సరుకులో ఎక్కువ భాగం విదేశాల నుంచి వస్తోంది. ఇంత చేసి వేసిన భాస్వరంలో ఆ పంట తీసుకునేది ఐదో వంతు కూడా ఉండదు. మిగతాది మా ఎర్రమట్టిలో ఇనుముతో, నల్లమట్టిలో సున్నంతో పట్టుకుపోతుంది. నేను చూసిన చాలా మట్టి పరీక్ష కార్డుల్లో భాస్వరం 'ఎక్కువ' అనే రాసి ఉంటుంది. అయినా చలికాలంలో ఆకు అడుగు ఊదారంగు తిరిగితే మళ్లీ బస్తా వేస్తాం. మట్టిలో ఉంది, మొక్కకు అందట్లేదు.

అందుకోగల మొక్కలు ఉన్నాయి. వేళ్లు పైమట్టిలో బాగా పరుచుకునేవి, వేరు నూగు దట్టంగా ఉండేవి, భాస్వరాన్ని కరిగించే ఆమ్లాలు వేళ్ల నుంచి వదిలేవి. వరిలో ఈ పని జరిగింది. కాసలాత్ అనే మన ఉపఖండపు పాత వరిలో భాస్వరం తక్కువైనా వేళ్లను పెంచే జన్యువును 2012లో శాస్త్రవేత్తలు గుర్తించారు. కూరగాయల్లో కూడా అలాంటి మొక్కలు కచ్చితంగా ఉంటాయి, కానీ మనం వెతికే పద్ధతిలో అవి కనిపించవు. అఖిల భారత సమన్వయ పరిశోధనలో గానీ, కంపెనీల ట్రయల్స్‌లో గానీ ప్రతి రకానికీ సిఫార్సు చేసిన పూర్తి మోతాదు ఎరువు వేసి దిగుబడి చూస్తారు. పొట్ట నిండా తిండి పెట్టి ఎవరు బలంగా ఉన్నారని చూస్తే, అర్ధాకలితో కూడా పనిచేయగలిగినవాడు ఎవడో ఎలా తెలుస్తుంది? పూర్తి మోతాదులో మొదటి స్థానంలో నిలిచిన రకం సగం మోతాదులో చివర ఉండొచ్చు. చివర ఉన్నది ముందుకు రావచ్చు. ఆ చివరి రకాన్ని మనం మొదటి ఏడాదే పారేస్తున్నాం.

తెగులుకూ ఎరువుకూ సంబంధం లేదనుకునేవాళ్లు ఒకసారి డ్రిప్‌లో 19 ఆల్ (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండి నీళ్లలో కరిగే ఎరువు), యూరియా దండిగా వదిలిన చేను చూడాలి. ఆకు లేతగా, ముదురు పచ్చగా, పళ్లెం అంత పెరుగుతుంది. చూడ్డానికి కళ్లు చెదురుతాయి. తెల్లదోమకు, తామర పురుగుకు, పేనుబంకకు ఆ లేత ఆకే ఇష్టం. నత్రజని ఎక్కువైన మొక్క మీద రసం పీల్చే పురుగులు త్వరగా పెరుగుతాయి, వాటితోనే వైరస్ వస్తుంది, దాని కోసం మళ్లీ మందు. 2021-22లో కొత్త రకం తామర పురుగు వచ్చి గుంటూరు, ప్రకాశం మిర్చి చేలను ఊడ్చేసినప్పుడు రైతులు ఎన్ని మందులు కొట్టారో మీ శాఖ రికార్డుల్లోనే ఉంటుంది. తక్కువ నత్రజనితో బాగా కాసే రకం ఉంటే ఈ గొలుసు మొదట్లోనే తెగుతుంది. అందుకే తెగులుకు ఒక పథకం, ఎరువుకు ఇంకో పథకం అని విడదీయొద్దని వేడుకుంటున్నాను.

పైగా మన రాష్ట్రం ప్రకృతి వ్యవసాయాన్ని దేశానికే చూపిస్తోంది. లక్షల మంది రైతులు అందులో చేరారు. రసాయన ఎరువు బదులు ఆవు పేడతో చేసే ఘనజీవామృతం వేసే ఆ చేలల్లో కూరగాయలకు వాడుతున్నదేమో పూర్తి మోతాదు రసాయన ఎరువు మీద ఎంపికైన హైబ్రిడ్ విత్తనం. దిగుబడి తగ్గితే ప్రకృతి వ్యవసాయానిదే తప్పంటారు. ఆ పద్ధతికి తగిన విత్తనం ఇవ్వకుండా ఆ మాట అనడం అన్యాయం.

వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయానికి మీరు ఒక్క ఆదేశం ఇస్తే చాలు. టమాటా, మిర్చి, వంగ, బెండ ట్రయల్స్ ఏవి వేసినా పూర్తి మోతాదు మడి పక్కనే సగం మోతాదు మడి ఒకటి, ప్రకృతి వ్యవసాయం మడి ఒకటి వేయమనండి. అందులో టమాటా ట్రయల్ తప్పకుండా ఎండాకాలంలో, మందులు కొట్టకుండా, రోగం ఎక్కువగా ఉండే మా ప్రాంతంలోనే జరగాలి. కలికిరిలో కృషి విజ్ఞాన కేంద్రం ఎలాగూ ఉంది. ప్రైవేటు హైబ్రిడ్లు కూడా అదే మడిలో పోటీ పడాలి. మంచిదైతే అది కంపెనీదైనా మేం కొంటాం. పాత నాటు రకాల విత్తనాలు హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ కేంద్రం దగ్గర ఉన్నాయి. పటాన్‌చెరులో ప్రపంచ కూరగాయల కేంద్రం వాళ్ల కార్యాలయం ఉంది. అడిగి తెప్పించుకోవడానికి దూరం కాదు.

కొత్త రకం తయారవడానికి ఎనిమిది, పదేళ్లు పడుతుందని నాకు తెలుసు. ఆలోపు అంటు నారు ఉంది. మా గట్ల మీద పెరిగే ఉస్తి మొక్క మీద వంగను అంటు కడితే ఎండు తెగులు, నులిపురుగు రెండూ తగ్గుతాయి, వేరు కూడా లోతుకు పోతుంది. చేతికి పని తెలిసిన ఆడవాళ్లు మా నర్సరీల్లో ఎంతోమంది ఉన్నారు, శిక్షణ ఇప్పిస్తే చాలు. అంటు నారు ఖరీదు ఎక్కువే, దాని మీద సబ్సిడీ ఇస్తే ఎరువు మీద ఇచ్చేది కొంత మిగులుతుంది.

ఇంకొక్క విషయం. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39(2) సెక్షన్ ప్రకారం, రిజిస్టరైన రకం ఏ పరిస్థితుల్లో ఎంత కాస్తుందో ముందే రైతుకు చెప్పాలి, అంత కాయకపోతే పరిహారం అడగొచ్చు. మాకు అందే ప్యాకెట్ల మీద 'వైరస్ టాలరెంట్' అని రెండు మాటలుంటాయి. ఏ వైరస్‌కు, ఎంత ఎరువు వేస్తే అన్నది ఉండదు. ఆ రెండూ తెలుగులో రాయించండి.

సగం మోతాదు ట్రయల్ కోసం మా చేలో అర ఎకరం ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. నీళ్లు, డ్రిప్, కూలీల ఖర్చు నాదే. విత్తనం, లెక్కలు రాసుకునే మనిషి మీ విశ్వవిద్యాలయానివి. ఫిబ్రవరిలో నాటాలంటే డిసెంబరు చివరికల్లా విత్తనం నర్సరీకి చేరాలి.

ఇట్లు,
మదనపల్లె ప్రాంతపు టమాటా రైతు, నారు నర్సరీ నిర్వాహకుడు