బోర్డు కొట్టేస్తే నిషేధమైపోతుందా?

సంపాదకుడు గారికి,

మానసిక వైద్యశాలల్లో పొగతాగడంపై సంపూర్ణ నిషేధమని మీ పత్రికలో వచ్చి వారమైంది. ఎవరైనా ఏమైనా రాస్తారేమోనని చూసి చూసి నేనే రాస్తున్నాను. చరిత్రాత్మక నిర్ణయమట! గోడకి మేకు కొట్టి బోర్డు తగిలించినవాణ్ణి పిలిచి శాలువా కప్పండి, జరిగిన పని అదొక్కటే.

నిషేధం వద్దనడం లేదు. మా తమ్ముడు రెండుసార్లు వార్డులో ఉన్నాడు. మొదటిసారి తాగనిచ్చేవారు. తాగనివ్వడమేమిటి, స్నానం చేస్తే ఒకటి, మాత్ర మింగితే ఒకటి అని అటెండరే లెక్కపెట్టి చేతిలో పెట్టేవాడు. రోజుకి రెండు కాల్చేవాడు పెట్టెడు కాల్చడం నేర్చుకుని ఇంటికొచ్చాడు. అడిగితే, పాపం వాళ్లకి మిగిలిన సుఖం అదేగా అన్నారు. తీవ్ర మానసిక జబ్బులున్నవాళ్లు మిగతావారికన్నా పది నుంచి ఇరవై ఏళ్లు ముందే పోతున్నారు. అందులో ఈ జాలి వాటా ఎంతో!

రెండోసారికి నిషేధం వచ్చింది. చేర్చిన పూటే పెట్టె లాక్కున్నారు. బదులుగా పొగాకు యావ తీర్చే నికోటిన్ ప్యాచ్ (ఒంటికి అంటించే పట్టీ) లేదు, నమిలే గమ్ లేదు. అడిగితే ఇండెంట్ పెట్టాం, అంటే పంపమని స్టోరుకి కాగితం రాశామన్నారు. ఒంట్లో నికోటిన్ రెండు గంటల్లో సగానికి దిగిపోతుంది, ఇండెంట్ మాత్రం కదలదు. మూడోరోజు వెళ్లేసరికి మావాడు పసుపెక్కిన రెండు వేళ్ల మధ్య పెన్ను పెట్టుకుని పీలుస్తున్నాడు. నిద్ర లేదు, కాలు ఒకచోట నిలవదు. జబ్బు ముదిరిందని కేస్ షీట్లో రాసి ఇంజెక్షన్ పెంచారు.

అసలు దారుణం తర్వాత. పొగలోని తారు కాలేయంలో ఒక ఎంజైమును ఉసిగొల్పి క్లోజపిన్, ఓలాంజపిన్ లాంటి మానసిక జబ్బు మందుల్ని తొందరగా కరిగించేస్తుంది. పొగ ఆగితే అదే మోతాదు రక్తంలో పేరుకుంటుంది. ఇది పొగ చేసే పని, నికోటిన్‌ది కాదు. కాబట్టి ప్యాచ్ వేసినా మోతాదు చూసుకోవాల్సిందే. మావాడు వాడేది క్లోజపిన్. వారం తిరక్కుండానే చొంగ కారుస్తూ మత్తుగా పడి ఉంటే, ఇప్పుడు నెమ్మదించాడండీ అని నాకు శుభవార్త చెప్పారు! గేటు దాటగానే మళ్లీ వెలిగించాడు. అలా చేస్తే రక్తంలో మందు తగ్గిపోతుందని చీటీ మీద ఒక్క ముక్క లేదు.

నిషేధిస్తే రోగులు తిరగబడతారని భయపెట్టేవాళ్లూ ఉన్నారు. దక్షిణ లండన్ మానసిక వైద్యశాలల్లో పొగ మాన్పించాక భౌతిక దాడులు 39 శాతం తగ్గాయని 2017లో అధ్యయనమే వచ్చింది. అక్కడ పెట్టె లాక్కుని ఊరుకోలేదు, మానడానికి చికిత్స కూడా ఇచ్చారు. మన అధికారులకి సర్క్యులర్ మీద సంతకమే చికిత్స. తనిఖీకి వస్తే బోర్డు ముందు ఫోటో దిగి వెళతారు.

ఈసారి వచ్చినప్పుడు వార్డు వెనక మెట్ల కిందికి కూడా ఓసారి తొంగిచూడమనండి. సిగరెట్ పీకలు కుప్పగా పడి ఉంటాయి. అటు వెళ్లే తలుపు తాళం సిబ్బంది దగ్గరే ఉంటుంది, రోగుల్ని అటు పోనివ్వరు.

ఇట్లు,
ఒక రోగి అన్న