పాత బండి చాసిస్ నంబరుని కాగితం మీద కాదు, ఇనుము మీద చూడాలి

సంపాదకులు గారికి నమస్కారం.

విశాఖలో పాత అంబాసిడర్లు, ఫియట్లు, విల్లీస్ జీపులు కొని బాగు చేయించుకునే కుర్రాళ్లు ఈ మధ్య బాగానే కనిపిస్తున్నారు. ఆదివారం పొద్దున్నే బీచ్ రోడ్డు మీద అలాంటి బండి ఒకటి వెళ్తుంటే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ వీళ్లలో చాలామంది పెయింటు చూసి, ఇంజిను చప్పుడు విని డబ్బు చేతిలో పెట్టేస్తున్నారు. చాసిస్ నంబరు, అంటే బండి ఫ్రేము మీద కొట్టి ఉండే గుర్తింపు నంబరు, మాత్రం ఆర్సీ జిరాక్సులో చూసి సరిపెట్టుకుంటున్నారు, అది బండి మీద ఎక్కడ కొట్టి ఉందో రిజిస్ట్రేషన్‌కి వెళ్లే రోజు దాకా తెలియదు. కొనేవాళ్లకీ, రవాణా శాఖ వాళ్లకీ నేను చెప్పాలనుకున్నది ఒకటే: ఆ నంబరుని కాగితం మీద కాదు, ఇనుము మీద చూడండి.

నేను షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. ఇనుము మీద పంచ్‌తో అంకెలు కొట్టడం, కొట్టింది తుప్పుకి పోవడం, పోయినదాన్ని ఎవరైనా మళ్లీ కొడితే ఎలా ఉంటుందో పసిగట్టడం, ఇవన్నీ చేతికి తెలిసిన విషయాలు. అందుకే తెలిసినవాళ్లు పాత బండి కొనేముందు నన్ను పిలుస్తుంటారు.

మామూలుగా జరిగేదేంటంటే, నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్ది ప్రింటు తీస్తారు, అది ఫైల్లో పెడతారు. కొత్త బండికి అది చాలేమో గాని 50 ఏళ్ల బండికి చాలదు. ప్రింటులో అంకెలు వస్తాయి తప్ప అంకెల చుట్టూ ఏముందో రాదు. చుట్టూ వెల్డింగు గీత ఉందా, గ్రైండరు పెట్టిన చోట పల్లం పడిందా, కింద పుట్టీ ఉందా, చాసిస్ నంబరు కొట్టిన ప్లేటుకి పాత రివెట్లే ఉన్నాయా లేక నిన్నగాక మొన్న గన్నుతో కొట్టిన పాప్ రివెట్లా, ఇవేవీ పెన్సిలుకి అందవు. ఒక అయస్కాంతం, ఒక టార్చి లైటు ఉంటే అందుతాయి. అయస్కాంతం అంటుకోని చోట పుట్టీ ఉన్నట్టు. టార్చిని ఎదురుగా కాకుండా పక్క నుంచి వాల్చి వేస్తే అరిగిపోయిన అంకె కూడా నీడతో సహా కనిపిస్తుంది. అంకెలు కాస్త వంకరగా ఉన్నాయని మాత్రం కంగారు పడక్కర్లేదు, ఆ రోజుల్లో చాలా బండ్లకి చేత్తోనే పంచ్ కొట్టేవాళ్లు, లైను కొంచెం అటూ ఇటూ అవడం సహజం. పాత బండి మీద అంకెలు మరీ పదునుగా, మరీ సమానంగా ఉంటేనే నాకు అనుమానం వస్తుంది.

ఇంకో సంగతి. ఇప్పటి బండ్లకి ఉండే 17 అక్షరాల నంబరు పాత బండ్లకి ఉండదు. అమెరికాలో 1981 మోడల్ బండ్ల నుంచి అది తప్పనిసరి అయింది, మన దగ్గరికి ఇంకా ఆలస్యంగా వచ్చింది. దాంట్లో ఐ, ఓ, క్యూ అనే అక్షరాలు వాడరు, ఒకటితోనూ సున్నాతోనూ కలిసిపోతాయని. పాత నంబర్లకి ఆ నియమం లేదు, ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి, పొడవు కూడా ఒకటి కాదు. కాబట్టి మీ నంబరు చిన్నగా ఉందంటే దొంగ నంబరని కాదు. కౌంటర్లో ఎవరైనా మిగతా అంకెలేవి అని అడిగితే కంగారుపడి ముందు సున్నాలు చేర్చి రాయించకండి. అలా ఒకసారి కంప్యూటర్లోకి ఎక్కితే తరవాత పీకడం మహా కష్టం.

మాకు తెలిసిన ఒక కుర్రాడి ఫియట్ సంగతి చెప్తాను. ఆర్సీలో 3 ఉన్నచోట బండి మీద 8 ఉంది. మధ్యవర్తి ఏమన్నాడో తెలుసా, కాస్త ఖర్చు పెట్టుకుంటే ఆర్సీలో ఉన్నట్టే మళ్లీ కొట్టిస్తానన్నాడు! అది ఎంత పెద్ద తప్పో వాడికి తెలియక కాదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 192బి సెక్షను చేర్చారు, దాని ప్రకారం బండి మీది చాసిస్ నంబరు గానీ ఇంజిను నంబరు గానీ ఆర్సీలో ఉన్నదానికి తేడాగా ఉంటే ఓనరుకి 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు పడొచ్చు. మధ్యవర్తికి కాదు, ఓనరుకి. మేం పంచ్ జోలికి పోకుండా మొదట రిజిస్టరైన ఆఫీసు నుంచి బి-రిజిస్టరు ఎక్స్‌ట్రాక్టు, అంటే బండి వివరాలు రాసుకున్న ఆఫీసు పుస్తకం నకలు, తీయించాం. పాత పుస్తకంలో చక్కగా 8 అనే ఉంది. తరవాత ఎప్పుడో ఆర్సీ కొత్తది రాసినప్పుడు 3 పడింది, అంతే. అర్జీ పెడితే సరిచేశారు. ఆ రోజు ఆ మధ్యవర్తి మాట విని ఉంటే, నిఖార్సైన బండి కాస్తా శాశ్వతంగా దొంగ బండి అయిపోయేది.

విశాఖలో దీనికి తోడు ఉప్పుగాలి ఒకటి. లాసన్స్ బే, పెద వాల్తేరు వైపు ఆరుబయట పెట్టిన జీపుకి ముందు చక్రం దగ్గర చాసిస్ రైలు (ఫ్రేము పొడవునా ఉండే ఇనుప దూలం) మీద ఉండే నంబరు కొన్నేళ్లలో పొరలు పొరలుగా లేచిపోతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు బండ్ల మీద చెట్లు పడటం అందరూ చూశారు, బీరువాల్లో తడిసి ముద్దయిన పాత ఆర్సీలు, ఇన్సూరెన్సు కాగితాల గురించి ఎవరూ మాట్లాడలేదు. నంబరూ పోయి కాగితమూ పోతే ఆ బండికి పుట్టుక రుజువే లేదు. దయచేసి నంబరు ఉన్న చోట గ్రీజు రాసి ఉంచండి, దాని మీద అండర్‌బాడీ కోటింగు కొట్టించకండి. పెయింటు నిండిపోయి ఉంటే పెయింటు రిమూవరు, గుడ్డతో తుడవండి, ఎమరీ పేపరు పెట్టొద్దు, గ్రైండరు అసలే వద్దు. ఎవరైనా కావాలని అరగదీసినా సరే, పంచ్ దెబ్బకి కింద ఇనుము నలిగి ఉంటుంది కాబట్టి ఫోరెన్సిక్ వాళ్లు యాసిడ్ పూసి ఆ అంకెల్ని చాలాసార్లు బయటికి తీయగలుగుతారు. తుప్పు లోతుగా తినేస్తే ఆ దారీ మూసుకుపోతుంది. అప్పుడు రిజిస్టరింగ్ అథారిటీకి రాసి, వాళ్ల అనుమతితో, వాళ్లు చెప్పిన చోటే మళ్లీ పంచ్ చేయించుకోవాలి. లేతు షాపులో సొంతంగా కొట్టించుకునేది కాదు అది.

ఇక వింటేజ్ రిజిస్ట్రేషన్ సంగతి. కేంద్రం 2021 జులైలో నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన టూవీలర్లు, కార్లు దీని కిందకి వస్తాయి. చాసిస్, బాడీ, ఇంజిను పెద్దగా మార్చకుండా ఉన్నవే. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, తరవాత మళ్లీ చేయించుకోవడానికి 5,000, చెల్లుబాటు 10 ఏళ్లు. ముందే రిజిస్టరై ఉన్న బండి పాత నంబరు ఉంచుకోవచ్చు, కొత్తగా ఇచ్చేవాటికి రాష్ట్రం కోడ్ తరవాత వీఏ అనే అక్షరాలు వస్తాయి. రోజూ ఆఫీసుకి వేసుకెళ్లడానికి కుదరదు, ర్యాలీలకీ ప్రదర్శనలకీ, పెట్రోలు కొట్టించుకోవడానికీ రిపేరుకీ తీసుకెళ్లొచ్చు.

ఇక్కడ ఇంజిను నంబరు దగ్గరే చాలామంది దొరికిపోతారు. మన వైపు ట్యాక్సీలుగా తిరిగిన అంబాసిడర్లలో పెట్రోలు ఇంజిను తీసేసి డీజిలు ఇంజిను వేయించినవి ఎన్నో, జీపులదీ అదే కథ. అప్పట్లో అది బతుకుతెరువు, తప్పు పట్టను. కానీ ఆర్సీలో ఆ మార్పు ఎక్కించారా లేదా అన్నది కొనేవాడు చూసుకోవాలి. ఎక్కించకపోతే ఇంజిను నంబరు కలవదు, ఎక్కించినా వింటేజ్ కోటాలో అడగడం కష్టం, మామూలు రెన్యువల్ దారిలోనే పోవాలి. ఏ దారిలో పోతున్నామో అడ్వాన్సు ఇవ్వకముందే తెలియాలి కదా. అలాగే జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) వాళ్ల వెబ్‌సైటులో చాసిస్, ఇంజిను నంబర్లు కొట్టి దొంగతనం కేసుల్లో ఉందేమో చూసుకోవచ్చు, అదీ ముందే చేయాలి.

రవాణా శాఖ వాళ్లకి నా మనవి. వింటేజ్ దరఖాస్తుల కోసం రాష్ట్రంలో ఒక నోడల్ అధికారి ఉండాలని, బండిని చూసి తేల్చడానికి ఒక కమిటీ ఉండాలని ఆ నియమాల్లోనే ఉంది. ఆ కమిటీ బండి చూసేటప్పుడు పాత బండ్ల పంచింగు తెలిసిన మనిషి ఒకరు పక్కన ఉండేలా చూడండి. ఇవాళ బ్రేక్ ఇన్‌స్పెక్టర్లుగా ఉన్నవాళ్లలో చాలామంది ఆ కార్లు ఫ్యాక్టరీల నుంచి బయటికి వచ్చేనాటికి పుట్టి కూడా ఉండరు, అది వాళ్ల తప్పు కాదు. గాజువాక ఆటోనగర్లో వెతికితే పాత మేస్త్రీలు ఇప్పటికీ దొరుకుతారు, ఇనుము చూసి చెప్పేస్తారు. పెన్సిలు ప్రింటుతో పాటు నంబరు చుట్టుపక్కల జానెడు మేర కనిపించేలా ఫొటో తీసి ఫైల్లో పెట్టండి. అంకె తేడా వస్తే ఓనర్ని దొంగలా చూడకుండా ముందు మీ బి-రిజిస్టరే తిరగేయండి. తయారీదారు నుంచి లెటరు తెమ్మని మాత్రం అడగొద్దు, అలా అడిగారని చెప్పినవాళ్లు నాకు తెలుసు. అంబాసిడర్ తయారైన ఉత్తరపాడా ఫ్యాక్టరీ 2014 మేలోనే ఆగిపోయింది, మద్రాసులో హెరాల్డ్ కారు చేసిన స్టాండర్డ్ కంపెనీ అంతకు ఎంతో ముందే మూతపడింది, లెటరు ఎవరిస్తారు?

మీ పత్రికని కోరేది కూడా ఒకటుంది. మన జిల్లాలో వింటేజ్ దరఖాస్తు పెట్టుకుంటే బండిని ఎక్కడ చూపించాలి, ఏ రోజుల్లో చూస్తారు, పాత పుస్తకాల్లో ఉండి ఆన్‌లైన్లో కనిపించని బండికి బ్యాక్‌లాగ్ ఎంట్రీ (పాత వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించడం) కోసం ఎవరిని కలవాలి, ఈ మూడూ రవాణా శాఖ అధికారుల్ని అడిగి జిల్లా పేజీలో వేయండి.

ఇట్లు,
షిప్‌యార్డు రిటైర్డు ఫిట్టరు,
కంచరపాలెం, విశాఖపట్నం