మా మండీ సర్వర్‌లో రైతుల పట్టీలు చెరిగిపోయిన విషయమై ఫిర్యాదు

అనంతపురం

సర్వర్ నిర్వహణ విభాగం అధిపతి గారికి,

విషయం: గత నెల రెండో శుక్రవారం మా సర్వర్‌లోని డేటా మొత్తం పోవడం, దానిపై మీరు పంపిన నివేదికలో అసలు కారణం లేకపోవడం గురించి.

అయ్యా,

నేను అనంతపురంలోని ఒక చీనీ (బత్తాయి) కాయల మండీలో లెక్కలు చూస్తున్నాను. మా దగ్గర కాటా వేసిన ప్రతి లోడు తూకం, పలికిన ధర, కమీషను, హమాలీ, చివరికి రైతు చేతికి ఇచ్చే పట్టీ, అన్నీ మీ సంస్థ రెండేళ్లుగా నిర్వహిస్తున్న లినక్స్ సర్వర్‌లోనే నమోదవుతున్నాయి. ఆ శుక్రవారం సాయంత్రం ఆరు దాటాక ఆ లెక్కలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. మరునాడు మీరు పంపిన నివేదికలో "హార్డ్ డిస్క్ లోపం వల్ల డేటా నష్టం జరిగింది" అని రాశారు. అదే డిస్కు ఈ రోజు వరకు ఒక్క లోపమూ చూపకుండా పనిచేస్తూనే ఉంది కనుక, ఆ వాక్యాన్ని నేను అంగీకరించలేను.

ఈ మాట ఊహతో అనడం లేదు. 1990లలో నేను పనిచేసిన బ్యాంకు శాఖలో, లినక్స్ లాంటిదే అయిన ఎస్‌సీఓ యూనిక్స్ వ్యవస్థతో నడిచే యంత్రాన్ని చూసుకునే పని నాకే అప్పగించారు. పదవీ విరమణ వరకు ఆ పనితో సంబంధం పోలేదు. అందువల్ల మీ నివేదిక చదివాక, మా కార్యాలయం గోడకు మీవాళ్లే అంటించి వెళ్లిన కాగితంలోని రూట్ (అన్ని అధికారాలూ ఉన్న ఖాతా) పాస్‌వర్డ్‌తో సర్వర్‌లోకి వెళ్లి, ఆ సాయంత్రం కొట్టిన ఆదేశాలన్నీ షెల్ (మనం కొట్టిన ఆదేశాలను తీసుకుని నడిపే ప్రోగ్రాము) హిస్టరీలో చదివాను. డేటా ఉన్న భాగం దాదాపు నిండిపోవడంతో, పేరులో మొదట 'ఓల్డ్' అని ఉన్న పాత ఫోల్డర్లను తీసివేయాలని మీ సాంకేతిక సిబ్బంది ఫైళ్లను తుడిచివేసే ఆర్‌ఎం ఆదేశం ఇచ్చారు. 'ఓల్డ్' అనే మాటకూ దాని పక్కన ఉండవలసిన, 'ఇక్కడ ఏ అక్షరాలున్నా సరే' అని అర్థమిచ్చే నక్షత్రం గుర్తుకూ మధ్య ఒక ఖాళీ పడింది. ఆ ఖాళీతో అర్థమే మారిపోయి, 'ఓల్డ్' అనే ఫోల్డరుతో పాటు, ఆ పాత ఫోల్డర్లున్న డైరెక్టరీలోని ప్రతిదాన్నీ తీసివేయమని యంత్రానికి చెప్పినట్టయింది. నక్షత్రాన్ని ఫైళ్ల పేర్లుగా విడదీసేది షెల్ కాబట్టి ఆర్‌ఎంకు ఆ నక్షత్రం కనిపించనే కనిపించదు, దానికి చేరేది తుడిచివేయవలసిన పేర్ల జాబితా మాత్రమే. పైగా ఏదీ అడగకుండా పని కానిచ్చే 'ఎఫ్' గుర్తు కూడా తగిలించి ఉండడంతో, 'నిజంగానే తీసివేయాలా' అన్న ప్రశ్న కూడా రాలేదు.

మమ్మల్ని రోజుల తరబడి కుంగదీసింది ఇంత చిన్న ఖాళీ. అయినా వేలు జారడాన్ని నేను నేరంగా లెక్కించడం లేదు. యూనిక్స్ మీద పనిచేసిన వారిలో ఇలాంటి భయం ఒక్కసారైనా అనుభవించని వారిని నేను చూడలేదు. ఆ ఆదేశం కొట్టిన వ్యక్తిని ఉద్యోగం నుంచి తీసివేయండని కోరడానికి ఈ లేఖ రాయడం లేదు. నిజానికి ఆ వ్యక్తి ఎవరో నాకు తెలియదు, తెలుసుకునే మార్గం కూడా లేదు. మీ సిబ్బందిలో ముగ్గురు ఒకే రూట్ పాస్‌వర్డ్‌తో లోనికి వస్తున్నందువల్ల, ఏ పని ఎవరు చేశారో యంత్రం చెప్పలేకపోతోంది. ప్రతి ఒక్కరికీ సొంత ఖాతా ఇచ్చి, అవసరమైన పనికి మాత్రమే సుడో అనే ఆదేశంతో రూట్ అధికారం ఇచ్చి ఉంటే, ఎవరు ఎప్పుడు ఏమి చేశారో నమోదయ్యేది. అంతకంటే ముఖ్యంగా, రోజంతా రూట్‌గా కూర్చోవడం అలవాటైన చేతికి ఒక్క క్షణం ఆగే అవకాశం దొరికేది. ఆర్‌ఎం కొట్టే ముందు అదే నమూనాతో, పేర్లను చూపించడం మాత్రమే చేసే ఎల్‌ఎస్ కొట్టి చూస్తే, పోబోయే ఫైళ్లన్నీ కళ్ల ముందు కనిపించేవి. అంతకన్నా మేలైన పద్ధతి, పాత ఫోల్డర్లను తీసివేయకుండా వేరే చోటికి జరిపి, వారం పది రోజులు ఎవరికీ ఇబ్బంది లేదని చూసుకుని, ఆ తరువాతే తుడిచివేయడం. బ్యాంకులో మేము ఇలాగే చేసేవాళ్లం.

తప్పు జరిగిన తరువాత మీ సిబ్బంది చేసినది నన్ను ఇంకా ఎక్కువ బాధించింది. ఫైళ్లు కనిపించడం లేదని గ్రహించగానే వారు సర్వర్‌ను రెండుసార్లు రీస్టార్ట్ చేశారు. యూనిక్స్ జాతి వ్యవస్థల్లో ఒక ఫైలు పేరును తీసివేసినా, ఏదైనా ప్రోగ్రాము దాన్ని తెరిచి పట్టుకుని ఉన్నంత వరకు అందులోని సమాచారం డిస్కు మీద అలాగే ఉంటుంది. ఆ సమయానికి మా లెక్కల ప్రోగ్రాము ఇంకా నడుస్తూనే ఉంది. లినక్స్‌లో, నడుస్తున్న ప్రోగ్రాముల వివరాలు చూపే 'ప్రాక్' డైరెక్టరీ గుండా అలా తెరిచి ఉన్న ఫైళ్ల నకలు తీసుకునే ప్రయత్నం చేయవచ్చు. రీస్టార్ట్ చేయడంతో ఆ దారి మూసుకుపోయింది. పైగా యంత్రం తిరిగి లేచి కొత్త రాతలు మొదలుపెట్టేసరికి, పోయిన ఫైళ్ల చోటు మీద కొత్తవి వచ్చి పడ్డాయి. ఆందోళనలో ఏమీ ముట్టుకోకుండా ముందు మీ పై అధికారికి ఫోన్ చేయండి అన్న ఒక్క నియమం మీ దగ్గర ఉన్నా, నాలుగు వేల పైచిలుకు పట్టీలలో కొన్నయినా దక్కేవేమో.

ఇక బ్యాకప్ సంగతి. ప్రతి రాత్రి రెండు గంటలకు క్రాన్ (చెప్పిన వేళకు పనులను తనంతట తానే నడిపే ప్రోగ్రాము) ద్వారా నకలు తీస్తున్నామని ఒప్పందంలో రాశారు. ఆ నకళ్లు చేరే ఫోల్డరు కూడా అదే డైరెక్టరీలో ఉండడంతో, అసలుతో పాటు నకళ్లూ ఒకే దెబ్బకు పోయాయి. అంతేకాదు, ఆ నకలు తీసే పని అంతకు 19 రాత్రుల క్రితమే ఆగిపోయిందని నాకు తర్వాత తెలిసింది. క్రాన్ తన వైఫల్యాన్ని దాచలేదు, చోటు లేదన్న సందేశాన్ని ప్రతి రాత్రీ రూట్ మెయిల్ పెట్టెలో వేస్తూనే వచ్చింది. ఆ పెట్టెను ఎవరూ తెరవలేదు. అదృష్టవశాత్తు పాత బ్యాంకు అలవాటు కొద్దీ నేను సొంతంగా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్న నకలు ఒకటి ఉంది కానీ, అది 41 రోజుల నాటిది. ఆ 41 రోజుల పట్టీలను మేము కార్బన్ కాగితాల మీది కాటా చీటీల నుంచి నలుగురం కూర్చుని తిరిగి టైపు చేశాము. నార్పల, గార్లదిన్నె వైపు నుంచి వచ్చిన రైతులు తమ డబ్బు కోసం మా గుమ్మం ముందు ఎదురుచూస్తుంటే, "కంప్యూటర్ చెడిపోయింది, రేపు రండి" అని నాలుగు రోజులు చెప్పవలసి వచ్చింది. కాయలు అమ్ముకుని తిరుగు బస్సు ఎక్కవలసిన మనిషితో ఆ మాట అనడం ఎంత కష్టమో మీకు తెలియాలనే ఈ సంగతి రాస్తున్నాను.

పునరుద్ధరణ కూడా సరిగ్గా జరగలేదు. నా నకలు ఎక్కించాక ప్రోగ్రాముకు అనుమతి లేదన్న సందేశం వస్తే, కారణం వెతకకుండా డేటా డైరెక్టరీ మొత్తానికి 777 (చదవడానికీ మార్చడానికీ అందరికీ హక్కు) అనుమతి ఇచ్చి వెళ్లిపోయారు. అంటే ఆ యంత్రంలో ఖాతా ఉన్న ఎవరైనా ఏ రైతు లెక్కనైనా మార్చవచ్చు. ఇది ఇప్పటికీ అలాగే ఉంది. ఫైళ్లను ప్రోగ్రాము నడిచే ఖాతా పేరు మీదికి మార్చి ఉంటే సరిపోయేది, దానికి పట్టేది ఒక్క ఆదేశం.

పెద్ద సంస్థల్లోనూ ఇలాంటివి జరిగాయి. 2017 జనవరి 31న ప్రోగ్రామర్ల కోడ్‌ను భద్రపరిచే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు అనుబంధ సర్వర్‌లో ఉన్నాననుకుని ప్రధాన డేటాబేస్ సర్వర్‌లోనే డైరెక్టరీని తీసివేశారు. అక్కడా బ్యాకప్‌లు విఫలమవుతున్నాయని, వాటి హెచ్చరికలు ఎవరికీ చేరడం లేదని అప్పుడే బయటపడింది. దాదాపు ఆరు గంటల డేటాను వారు పోగొట్టుకున్నారు. కానీ వారు జరిగినదంతా బహిరంగంగా రాసి, ఏమేమి మార్చబోతున్నారో చెప్పారు. మీ నుంచి నేను ఆశించినది అదే. మీరు డిస్కు మీదికి నెట్టారు.

కాబట్టి ఈ లేఖ అందిన 15 రోజులలోగా ఈ పనులు చేయాలని కోరుతున్నాను. హార్డ్ డిస్క్ లోపం అన్న నివేదికను ఉపసంహరించుకుని, జరిగినది జరిగినట్టు లిఖితపూర్వకంగా ఇవ్వండి. రూట్ పాస్‌వర్డ్ మార్చి, మీ సిబ్బందికి విడివిడి ఖాతాలు ఇచ్చి, 777 అనుమతులను సరిచేయండి. బ్యాకప్‌ను మా సర్వర్‌లో కాకుండా వేరే యంత్రానికి, దానితో పాటు మా భవనం బయట ఇంకో చోటికి పంపే ఏర్పాటు చేయండి. అది విఫలమైన రోజున మీకూ నాకూ ఫోన్‌లో సందేశం రావాలి. నెలకు ఒకసారి నా ఎదుట ఆ నకలును ఖాళీ యంత్రంలో ఎక్కించి, ఏదో ఒక రోజు పట్టీలు తీసి చూపించాలి. ఎందుకంటే తిరిగి ఎక్కించి చూడని నకలును నేను నకలుగా లెక్కించను. డిస్కు 80 శాతం నిండగానే నాకు తెలియజేస్తే, పాత లెక్కల్లో ఏది ఉంచాలో ఏది తీయాలో మేమే చెబుతాము.

గత నెల నిర్వహణ రుసుమును తిరిగి చెల్లించడంతో పాటు, రాత్రిళ్లు కూర్చుని పట్టీలు టైపు చేసిన మా ఇద్దరు గుమాస్తాల అదనపు కూలిని కూడా మీరే భరించాలి. వివరాలు జత చేశాను. షెల్ హిస్టరీ, రూట్ మెయిల్ పెట్టెల నకళ్లు కూడా జత చేశాను. గడువులోగా సమాధానం రాకపోతే ఒప్పందం ప్రకారం 30 రోజుల నోటీసు ఇచ్చి వేరే వారికి ఈ పని అప్పగిస్తాము.

ఇట్లు,
లెక్కల నిర్వాహకుడు,
చీనీ కాయల మండీ, అనంతపురం