ఎక్స్‌పోర్ట్స్ ఫైల్లో ఆ ఒక్క ఖాళీ

సంపాదకుల వారికి నమస్కారం.

లినక్స్ మీదా, ఇతర యూనిక్స్ తరహా సిస్టమ్‌ల మీదా ఎన్‌ఎఫ్‌ఎస్‌తో, అంటే నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్‌తో, యంత్రాల మధ్య ఫైళ్లు పంచుకోవడం ఎలాగో చెప్పే పాఠాలు తెలుగులో ఇప్పుడు బాగానే వస్తున్నాయి. పత్రికల సాంకేతిక పేజీల్లోనూ కనిపిస్తున్నాయి. ఇంగ్లిషు మాన్యువల్ ముందు తడబడేవాళ్లకు ఇవి నిజంగా మేలు చేస్తాయి. అయితే వాటిలో రెండు తప్పులు మళ్లీ మళ్లీ ఎదురవుతున్నాయి. ఒకటి అచ్చులో దొర్లేది, రెండోది సలహాలోనే ఉన్నది. రెండూ పైకి ఏ ఇబ్బందీ చూపించకుండా డేటాను అందరి ముందూ తెరిచిపెట్టేవే కాబట్టి ఈ ఉత్తరం.

ముందు అచ్చు సంగతి. ఫైళ్లు ఇచ్చే యంత్రం సర్వరు, వాటిని వాడుకునేది క్లయింటు. సర్వరులోని ఏ డైరెక్టరీని ఎవరికి ఇవ్వాలో ఈటీసీ డైరెక్టరీలో ఉండే ఎక్స్‌పోర్ట్స్ అనే ఫైల్లో రాస్తాం. ఆ లైను ఇలా ఉంటుంది. ఇక్కడ తెలుగు లిపిలో చూపిస్తున్నాం, ఫైల్లో మాత్రం ఇంగ్లిషు అక్షరాలే ఉండాలి.

/డేటా 192.168.10.21(ఆర్‌డబ్ల్యూ,సింక్)

చిరునామాకూ బ్రాకెట్‌కూ మధ్య ఖాళీ లేదు. పేజీలో కాలమ్ వెడల్పుకు అక్షరాలు సర్దేటప్పుడు అక్కడ ఒక ఖాళీ దూరిందనుకోండి.

/డేటా 192.168.10.21 (ఆర్‌డబ్ల్యూ,సింక్)

చూడటానికి రెండూ ఒకటే. అర్థం మాత్రం తలకిందులైపోయింది. మొదటి లైను 192.168.10.21కి ఒక్కదానికే చదివే, రాసే హక్కు ఇస్తుంది. రెండో లైనులో ఖాళీ ఉంది కాబట్టి ఎన్‌ఎఫ్‌ఎస్ దాన్ని ఇద్దరు వేర్వేరు గ్రహీతలుగా చదువుకుంటుంది. 192.168.10.21కి ఏ ఆప్షనూ రాయలేదు కాబట్టి దానికి దక్కేది చదివే హక్కే. బ్రాకెట్‌కు ముందు పేరు లేదు కాబట్టి అందులోని రాసే హక్కు ఆ సర్వరును చేరుకోగల ప్రతి యంత్రానికీ వెళ్లిపోతుంది. ఆ ఫైలును అమల్లోకి తెచ్చే ఎక్స్‌పోర్ట్‌ఎఫ్‌ఎస్ కమాండు ఒక హెచ్చరిక చూపిస్తుంది గానీ పని ఆపదు. సర్వరు బూట్ అయ్యేటప్పుడైతే ఆ హెచ్చరిక లాగ్‌లోకి పోతుంది, అక్కడ ఎవరూ చూడరు. పెట్టినవాళ్లకు మౌంట్ అయింది, అంటే సర్వరు డైరెక్టరీ క్లయింటులో అతుక్కుంది, ఫైళ్లు కనిపించాయి. అంతా బాగుందనే అనుకుంటారు.

ఇక సలహాలోని తప్పు. "పర్మిషన్ డినైడ్ అని వస్తే నో రూట్ స్క్వాష్ పెట్టండి, డైరెక్టరీకి 777 ఇవ్వండి, ఫైర్‌వాల్ ఆపేయండి" అనే మాట చాలా పాఠాల్లో చివరి అంచెగా ఉంటోంది. 777 అంటే అందరికీ అన్ని హక్కులూ. ఇది ఎందుకు కూడదో తెలియాలంటే ఎన్‌ఎఫ్‌ఎస్ ఎవరిని ఎలా నమ్ముతుందో చూడాలి. సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో దీన్ని తయారుచేసింది. రెండో వెర్షన్ 1989లో, మూడోది 1995లో, నాలుగోది 2000లో ప్రమాణ పత్రాలుగా వచ్చాయి. మొదట్లో దీన్ని వాడిన యంత్రాలన్నీ ఒకే నిర్వాహకుల చేతిలో ఉండేవి. అందుకే మామూలు పద్ధతిలో పాస్‌వర్డు ప్రసక్తే లేదు. "ఈ కోరిక 1001వ యూజరుది" అని క్లయింటు చెబుతుంది, సర్వరు ఒప్పుకుంటుంది. పేరు కూడా పోదు, పోయేది అంకె మాత్రమే. ఇప్పటికీ సెక్ ఈక్వల్ సిస్ అనే డిఫాల్టు పద్ధతి ఇదే.

అంత తేలిగ్గా నమ్మేదాన్లో ఉన్న ఒకే ఒక్క గడియ రూట్ స్క్వాష్. క్లయింటు నుంచి 0 అనే అంకెతో, అంటే అన్ని హక్కులూ ఉన్న రూట్ యూజరుగా, కోరిక వస్తే సర్వరు దాన్ని ప్రత్యేక హక్కులేవీ లేని నోబడీగా, సాధారణంగా 65534గా, మార్చేస్తుంది. కొత్తగా పెట్టినవాళ్లు మౌంట్ అవగానే సూడోతో (రూట్ హక్కుతో) ఒక ఫైలు సృష్టించి చూస్తారు. డైరెక్టరీ రూట్ సొంతం, అనుమతి 755 (యజమాని తప్ప ఎవరూ రాయలేరు), వచ్చింది నోబడీ. కాబట్టి పర్మిషన్ డినైడ్ అనే వస్తుంది, రావాలి కూడా. ఏర్పాటు సరిగ్గా పనిచేస్తోందనడానికి అది గుర్తు. ఆ గడియ తీసేస్తే, క్లయింటులో రూట్ హక్కున్న ఎవరైనా రూట్ పేరుతో సెట్‌యూఐడీ బిట్ ఉన్న (ఎవరు నడిపినా యజమాని హక్కుతోనే నడిచే) ప్రోగ్రాము ఒకటి ఆ డైరెక్టరీలో పెట్టొచ్చు. సర్వరులో లాగిన్ ఉన్న మామూలు యూజరు దాన్ని నడిపితే సర్వరు మొత్తం చేతికి వచ్చినట్టే. డిస్కు లేకుండా నెట్‌వర్క్ మీదే బూట్ అయ్యే యంత్రాల రూట్ డైరెక్టరీకి నో రూట్ స్క్వాష్ అవసరమే. మామూలు పంచుకోలుకు దాని అవసరం లేదు.

మామూలు యూజరుగా రాసినా అనుమతి రాకపోతే అసలు కారణం చాలాసార్లు అంకెల్లోనే దొరుకుతుంది. ఎల్‌ఎస్ కమాండుకు ఎల్, ఎన్ ఆప్షన్లు కలిపి రెండు యంత్రాల మీదా చూడండి. పేర్ల బదులు యూఐడీలు, అంటే యూజరు అంకెలు, కనిపిస్తాయి. సర్వరులో ఫైలు 1001ది, క్లయింటులో అదే మనిషి ఖాతా 1004 అయితే ఎన్‌ఎఫ్‌ఎస్ దృష్టిలో వాళ్లిద్దరూ వేరు. అంతకంటే ప్రమాదం, క్లయింటులో 1001 ఇంకెవరిదో అయి ఉంటే ఆ వ్యక్తి ఈ ఫైళ్లకు యజమాని అయిపోతాడు. యంత్రాలు కొన్నే ఉంటే యూజర్‌మాడ్‌తో అంకెలు ఒకటి చేయండి. హోమ్ డైరెక్టరీలోని ఫైళ్లను అదే మారుస్తుంది, బయట ఉన్నవాటిని పాత అంకెతో ఫైండ్ చేసి మనమే మార్చాలి. యంత్రాలు ఎక్కువైతే ఎల్‌డాప్ లాంటి ఉమ్మడి చిట్టా తప్పదు. ఎవరు రాసినా ఒకే యజమాని ఉండాల్సిన ఉమ్మడి డైరెక్టరీ అయితే అందరినీ ఒకే ఖాతాగా మార్చే ఆల్ స్క్వాష్ పెట్టి, ఆనన్‌యూఐడీ, ఆనన్‌జీఐడీలకు ఆ ఖాతా అంకెలు ఇస్తే 777 జోలికే పోనక్కర్లేదు.

దీన్లోనే ఇంకో చిక్కుంది. ఈ పద్ధతిలో ఒక కోరికతో పాటు 16 గ్రూపులు మాత్రమే వెళ్లగలవు. 17వ గ్రూపు వల్ల హక్కు రావాల్సిన మనిషికి అన్నీ సరిగ్గానే ఉన్నా తలుపు తెరుచుకోదు. గ్రూపుల చిట్టాను సర్వరే సొంతంగా చూసుకునేలా మౌంట్ కోరికలు చూసే మౌంట్‌డీ ప్రోగ్రాముకు మేనేజ్ జీఐడీస్ ఆప్షను ఇస్తే ఇది తీరుతుంది. నాలుగో వెర్షన్‌లో ఫైళ్లన్నీ నోబడీ పేరుతో కనిపిస్తే మాత్రం ముందు పేర్లనూ అంకెలనూ జతచేసే ఐడీమ్యాప్‌డీ ఫైల్లో డొమైన్ పేరు రెండు పక్కలా ఒకటేనా చూడండి.

ఏర్పాటు పెద్ద పనేం కాదు. డెబియన్, ఉబుంటు సర్వరులో ఎన్‌ఎఫ్‌ఎస్ కర్నెల్ సర్వర్ ప్యాకేజీ, క్లయింటులో ఎన్‌ఎఫ్‌ఎస్ కామన్. రెడ్ హ్యాట్ కుటుంబంలో రెండింటికీ ఎన్‌ఎఫ్‌ఎస్ యుటిల్సే. లైను రాశాక ఎక్స్‌పోర్ట్‌ఎఫ్‌ఎస్‌ను ఆర్, ఏ ఆప్షన్లతో నడపండి, సర్వీసు రీస్టార్ట్ అక్కర్లేదు. రీస్టార్ట్ చేస్తే నాలుగో వెర్షన్ క్లయింట్లు తమ లాక్‌లు తిరిగి అందుకోవడానికి మామూలుగా 90 సెకన్ల గడువు నడుస్తుంది, ఆ కాసేపూ ఫైళ్లు తెరుచుకోక జనం కంగారు పడతారు. ఫైర్‌వాల్ ఆపాల్సిన పనే లేదు. నాలుగో వెర్షన్‌కు టీసీపీ 2049 ఒక్కటి, మీ నెట్‌వర్క్ వరకే, తెరిస్తే చాలు. మూడో వెర్షన్‌కు 111తో పాటు మౌంట్‌డీ, లాక్‌ల పని చూసే స్టాట్‌డీ, లాక్‌డీల పోర్టులు కూడా కావాలి. అవి ప్రతిసారీ మారిపోకుండా స్థిరమైన అంకెలు ఇచ్చాకే ఫైర్‌వాల్ రాయగలం. సర్వరు ఇచ్చే డైరెక్టరీల చిట్టా చూపే షోమౌంట్ కమాండు మౌంట్‌డీని అడుగుతుంది కాబట్టి నాలుగో వెర్షనే నడిచే సర్వరు మీద అది జవాబివ్వకపోవడం తప్పు కాదు.

ఇచ్చే డైరెక్టరీ వేరే డిస్కు మీద ఉంటే మౌంట్‌పాయింట్ అనే ఆప్షను మర్చిపోవద్దు. బూట్‌లో ఆ డిస్కు ఎక్కకపోతే మిగిలేది ఖాళీ డైరెక్టరీ. ఆప్షను లేకుంటే సర్వరు ఆ ఖాళీనే అందరికీ ఇస్తుంది. క్లయింట్లు అందులో రాస్తూ పోతే సర్వరు రూట్ డిస్కు నిండిపోతుంది. తర్వాత అసలు డిస్కు ఎక్కితే ఆ రాసినదంతా దాని కిందకు పోయి కనపడదు.

సింక్ అంటే డేటా డిస్కుకు చేరాకే సర్వరు జవాబివ్వడం. ఈ విషయంలో పాత పాఠాలు ఇంకా ఎసింక్ వేగమంటూ నమ్మిస్తున్నాయి. వేగం నిజమే. ఎసింక్ ఉంటే డేటా ఇంకా ర్యామ్‌లో ఉండగానే "రాసేశాను" అని సర్వరు క్లయింటుకు మాట ఇస్తుంది. ఆ క్షణాన కరెంటు పోతే క్లయింటు ప్రోగ్రాముకు ఏ లోపమూ తెలియదు, సర్వరులో మాత్రం ఫైలు సగమే ఉంటుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ యుటిల్స్ 1.0.0 తర్వాతి వెర్షన్లలో సింక్ డిఫాల్టు అయింది ఈ ప్రమాదం వల్లే. చిన్న ఫైళ్లు వేలకొద్దీ రాస్తే సింక్ నెమ్మదిస్తుంది, అందుకు వేగమైన డిస్కు చూసుకోవాలి గానీ అబద్ధపు జవాబు చెప్పించకూడదు.

క్లయింటు వైపు అసలు తగువంతా హార్డ్, సాఫ్ట్ మధ్యే. సర్వరు పడిపోతే హార్డ్ మౌంట్ మీది ప్రోగ్రాములు అలాగే ఆగిపోతాయి. ప్రోగ్రాముల చిట్టా చూపే పీఎస్‌లో డీ (ఎదురుచూపు) స్థితి కనిపిస్తుంది, డిస్కులో ఖాళీ చూపే డీఎఫ్ కొడితే అదీ కదలదు. విసుగొచ్చి సాఫ్ట్ పెట్టుకుంటారు. సాఫ్ట్‌లో టైమియో (ఎదురుచూసే సమయం), రెట్రాన్స్ (మళ్లీ అడిగే సార్లు) గడువు దాటాక ప్రోగ్రాముకు ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ వెళ్తుంది. దాన్ని పట్టించుకోని ప్రోగ్రాము సగం రాసిన ఫైలును పూర్తయినట్టే వదిలేస్తుంది. హార్డ్‌లో అయితే సర్వరు లేవగానే ఆగిన చోటు నుంచే పని సాగుతుంది. రాసే చోట హార్డే ఉంచండి, చదవడానికే పరిమితమైన చోట సాఫ్ట్ పర్వాలేదు. టైమియో విలువ సెకన్లలో కాదు, సెకనులో పదో వంతుల్లో. టీసీపీ మీద డిఫాల్టు 600 అంటే 60 సెకన్లు. దీన్ని సెకన్లనుకుని 5 అని పెట్టినవాళ్లు అర సెకను గడువు పెట్టినట్టు. ఎదురుచూపును మధ్యలో ఆపనిచ్చే ఇంటర్ ఆప్షన్‌ను 2.6.25 కర్నెల్ నుంచి లినక్స్ పట్టించుకోవడం లేదు. ఆగిన ప్రోగ్రామును కిల్ 9తో ఆపొచ్చు. బూట్‌లో ఏవి మౌంట్ కావాలో రాసే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో నోఫెయిల్, ముందు అండర్‌స్కోరుతో నెట్‌డెవ్, వాటితో నోసూయిడ్, నోడెవ్ ఉంటే సర్వరు లేకపోయినా యంత్రం బూట్ అవుతుంది, అవతలి నుంచి వచ్చిన సెట్‌యూఐడీ ప్రోగ్రాము ఇక్కడ చెల్లదు.

స్టేల్ ఫైల్ హ్యాండిల్ అని వస్తే, క్లయింటు పట్టుకున్న ఫైలు లేదా డైరెక్టరీ సర్వరులో ఇప్పుడు లేదని అర్థం. ఎవరో చెరిపేశారు, లేదా డిస్కు కొత్తగా ఫార్మాట్ అయింది. అన్‌మౌంట్ చేసి మళ్లీ మౌంట్ చేయడమే దారి.

లినక్స్ లైన్లను ఫ్రీబీఎస్‌డీ అనే మరో యూనిక్స్ తరహా సిస్టమ్‌కు అలాగే ఎత్తి రాయమనే పాఠాలూ ఉన్నాయి. అక్కడ బ్రాకెట్లే ఉండవు. ఆప్షన్లు హైఫన్‌తో మొదలవుతాయి, నెట్‌వర్కును హైఫన్ నెట్‌వర్క్ అని, రూట్‌ను ఎవరిగా మార్చాలో హైఫన్ మ్యాప్‌రూట్ అని రాయాలి. మార్చాక మౌంట్‌డీని రీలోడ్ చేయాలి. మాక్ యంత్రం లినక్స్ సర్వరుకు కలవకపోతే దానికి రెస్‌వ్‌పోర్ట్ ఆప్షను ఇచ్చి చూడండి. లినక్స్ సర్వరు మామూలుగా 1024 లోపు పోర్టు నుంచి వచ్చిన కోరికనే ఒప్పుకుంటుంది.

పైన చెప్పినదంతా ఇంట్లోనో ఆఫీసులోనో గోడల మధ్య ఉన్న నెట్‌వర్కుకు. మామూలు ఎన్‌ఎఫ్‌ఎస్‌లో డేటా తీగ మీద అందరూ చదవగలిగేలానే పోతుంది. గుట్టు కావాలంటే కెర్బరోస్ అనే గుర్తింపు పద్ధతితో, డేటాను సంకేతంగా మార్చే క్రెబ్5పీ ఉంది, దానికి యంత్రాల గడియారాల తేడా 5 నిమిషాలు దాటకూడదు. వెబ్‌సైట్లు వాడే టీఎల్‌ఎస్ పద్ధతిని ఇక్కడ వాడటానికి 2022లో ప్రమాణం వచ్చింది. లేదా వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సొరంగంలోంచి నడపొచ్చు. 2049 పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కు తెరవడం మాత్రం ఎప్పుడూ వద్దు.

మీ పత్రికకు మా విన్నపం ఇది. కమాండులూ, ఫైలు లైన్లూ అచ్చేసేటప్పుడు వాటిని కాలమ్‌లో సర్దకండి. లైను మధ్యలో విరగకుండా, అక్షరాలన్నీ ఒకే వెడల్పున్న ఫాంటులో విడిగా వేయండి. ఖాళీ ఉండకూడని చోటును పక్కనే మాటల్లో చెప్పండి. హైఫన్‌ను పొడుగు గీతగా మార్చే అలవాటును ఆ భాగానికి ఆపించండి. మారిన గీతతో కమాండు పనిచేయదు, పాఠకుడు తన తప్పేమో అనుకుంటాడు.

పాత పాఠం చూసి ఇప్పటికే ఎన్‌ఎఫ్‌ఎస్ పెట్టుకున్న పాఠకులు సర్వరు మీద ఎక్స్‌పోర్ట్‌ఎఫ్‌ఎస్‌ను వీ ఆప్షనుతో ఒకసారి నడిపి చూడాలి. డైరెక్టరీ పక్కన మీ క్లయింట్ల చిరునామాలే ఉండాలి. అక్కడ వరల్డ్ (అంటే అందరికీ) అని కనిపిస్తే ఎక్స్‌పోర్ట్స్ ఫైలు తెరిచి బ్రాకెట్ ముందున్న ఖాళీ తీసేయండి, నో రూట్ స్క్వాష్ ఉంటే అదీ తీసేయండి, ఆర్, ఏలతో ఎక్స్‌పోర్ట్‌ఎఫ్‌ఎస్ నడిపి, మళ్లీ వీతో సరిచూసుకోండి.

ఇట్లు,
యూనిక్స్ సర్వర్ల నిర్వహణలో ఉన్న పాఠకులు కొందరు