రాగి బిస్కెట్‌లో మైదా ఎంత?

అయ్యా,

గోధుమ పడనివాళ్లకు బిస్కెట్టన్నా కేకన్నా మొన్నమొన్నటిదాకా ఇసుక నమిలినట్టే ఉండేది. ఇప్పుడు చిన్న చిన్న బేకరీలు జొన్న, కొర్ర, రాగితో చేస్తున్నవి మళ్లీ అడిగి తినేంత బాగుంటున్నాయి. వాళ్లను మెచ్చుకోవాల్సిందే. అయితే పొట్లం మీద ‘గ్లూటెన్ (గోధుమలో ఉండే జిగురు ప్రొటీన్) లేనిది’ అని రాయడానికి రుచి ఒక్కటే చాలదు.

గోధుమపిండి ముద్ద సాగేది గ్లూటెన్ వల్లే. జొన్నకు ఆ జిగురు లేదు గనక బిస్కెట్ చేతిలోనే పొడైపోతుంది. 150 గ్రాముల జొన్నపిండికి 50 గ్రాముల బియ్యప్పిండి, 100 గ్రాముల వెన్న, 80 గ్రాముల బెల్లం పొడి, ఒక చిన్న చెంచా ఇసబ్‌గోల్ వేసి, రెండు మూడు చెంచాల పాలతో కలిపితే ఆ చిక్కు తీరుతుంది. ముద్దను అరగంట మూతపెట్టి ఉంచడమే అసలు కిటుకు: ఇసబ్‌గోల్ తడి పీల్చి పట్టు ఇస్తుంది, పిండి నాని పంటికింద గరగర పోతుంది. 160 డిగ్రీల్లో 18–20 నిమిషాలు కాల్చాక ట్రేలోనే పావుగంట ఆరనివ్వాలి. వేడిమీద ఎత్తితే విరుగుతాయి.

ఇంత శ్రమపడి చేసింది చెడిపోయేది ఎక్కడంటే, జొన్నలు పట్టించే మరలో. అంతకుముందు పట్టిన గోధుమపిండి రాళ్ల సందుల్లో ఉండిపోతుంది. ఆపైన కేకు గిన్నె అంటుకోకుండా అలవాటుగా చల్లే మైదా, చెక్క పీట పగుళ్లు, పక్క బల్ల మీద జల్లిస్తుంటే గాల్లో లేచే పిండి. దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ప్రకారం గ్లూటెన్ లేనిదని చెప్పే పదార్థంలో గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. కిలో జొన్నపిండిలో ఒక్క గ్రాము మైదా కలిసినా నాలుగైదు రెట్లు దాటిపోతుంది. పొయ్యి వేడికి గ్లూటెన్ పోతుందనుకోవడం పొరపాటు. గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బున్న పిల్లలకు ఆ కొంచెమే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. తిన్నది ఒంటబట్టదు, ఎదుగుదల కుంటుపడుతుంది.

కొనేవాళ్లు పొట్లం వెనక చూడాలి. బరువులో ఎక్కువున్న పదార్థం పేరే ముందు రాయాలన్నది నియమం. ముందువైపు ‘రాగి’ అని పెద్దక్షరాలుండి, వెనక మొదటి పేరు మైదా అయితే అది మైదా బిస్కెట్టే. బొంబాయి రవ్వ గోధుమదే. బార్లీ మాల్ట్‌లోనూ గ్లూటెన్ ఉంటుంది. బేకరీలో అయితే పిండి ఎక్కడ పట్టిస్తారో, ట్రేలు, జల్లెడలు వేరుగా ఉన్నాయో లేదో, ల్యాబ్ పరీక్ష చేయించారో లేదో అడగండి. విసుక్కోకుండా జవాబిచ్చే చోటే కొనండి.

గోధుమకు వేరే గది లేని చిన్న బేకరీలు ‘మైదా వాడలేదు, ఇదే వంటగదిలో గోధుమ వాడతాం’ అని రాస్తే చాలు. ఆహార భద్రత అధికారులు ‘గ్లూటెన్ లేనిది’, ‘మైదా వాడలేదు’ అనే రెండు మాటల తేడా వాళ్లకు వివరించి, పొట్లాలు తనిఖీ చేయాలని మా విన్నపం.

– బేకరీ పని నేర్పే ఉపాధ్యాయులు, విజయవాడ