తొమ్మిదో వరస వెనక కూర్చున్నవాళ్ళకి

సీజన్ పాస్ తీసుకుని ఏటా మా వేసవి నాటకాలకి వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మొదటి శనివారం ఆటలో తొమ్మిదో వరస వెనక ఉన్నవాళ్ళకి రెండో అంకం సగం వినపడలేదు. తప్పు పిల్లలది కాదు, నాది. కొంత మైకులాయనది కూడా. ఆయన సంగతి తర్వాత చెబుదామనుకున్నాను గానీ, కడుపులో ఆగేలా లేదు.

పన్నెండు కాలర్ మైకులు నాలుగు నెలల ముందే అద్దెకి మాట్లాడి అడ్వాన్సు ఇచ్చాం. బుధవారం పంపుతానన్నాడు, తర్వాత గురువారమన్నాడు. గురువారం ఫోనే ఎత్తలేదు. శుక్రవారం మధ్యాహ్నం పెట్టె వచ్చింది. తెరిస్తే ఐదే ఉన్నాయి, అందులో రెండు ఒకే ఫ్రీక్వెన్సీవి. రెండూ కలిపి ఆన్ చేస్తే బరబర తప్ప మాట రాదు. అడిగితే "సర్దుకోండి సార్, పిల్లల నాటకమేగా" అన్నాడు. ఆ మాట ఇంకా మండుతోంది. పెట్టెని వచ్చిన బండిలోనే తిప్పి పంపేశాను. పనిచేసే వాటినైనా ఉంచుకోమని మా లైట్ల అబ్బాయి మొత్తుకున్నాడు. వాడి మాట వినాల్సింది.

ఆ రాత్రి మైకుల్లేకుండా రిహార్సల్ పెట్టి, ఆఖరి వరసలో కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ప్రతి మాటా వినపడింది. ఇన్నేళ్ళ అనుభవం ఉండి కూడా, ఖాళీ హాలు వేరు, నిండిన హాలు వేరని మర్చిపోయాను. ఖాళీ ప్లాస్టిక్ కుర్చీలు శబ్దాన్ని తిప్పికొడతాయి. మనుషులూ వాళ్ళ బట్టలూ పీల్చేసుకుంటాయి. అందులోనూ ముందు పోయేవి హల్లులు. వాటిని గుర్తుపట్టించే శబ్దం చాలావరకు 2,000 హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనాలు) పైన, అసలే పల్చగా ఉంటుంది. బలమంతా అచ్చులది. అందుకే నటుడు అరిచినకొద్దీ అచ్చులే పెరుగుతాయి, మాట మాత్రం తెలియదు.

మన భాషతో ఇంకో చిక్కుంది. కాదు, లేదు అనేవి వాక్యం చివర వస్తాయి. కొత్త నటులకి ఊపిరి అయిపోయేదీ అక్కడే. "ఆ ఉత్తరం నేను చింపలేదు" అన్నది మా నాయిక అసలు మాట. వెనక వరసలకి 'చింప' వరకే చేరింది. ఆట అయ్యాక ఒక పాత ప్రేక్షకుడు నన్నాపి, "అంత మంచి పిల్ల ఉత్తరం ఎందుకు చింపినట్టు?" అనడిగారు. ఏం చెప్పను!

ఆ అమ్మాయిని మార్చమని చాలామంది అన్నారు. మూడు రాత్రులు నిద్రలేదు. పదహారేళ్ళ పిల్ల, మొదటి పెద్ద వేషం, సన్నని గొంతు. శిక్షణలో ఇంకో అమ్మాయి ఉంది, గంటలాంటి గొంతు. కానీ ఆమె అవతలివాళ్ళ డైలాగ్ ఎప్పుడైపోతుందా అని చూస్తూ నిలబడుతుంది. ఈ పిల్ల వింటుంది. ఎదుటివాడు మాట్లాడుతుంటే ముఖం మారుతుంది. గొంతు నేర్పొచ్చు, అది నేర్పడం నావల్ల ఎప్పుడూ కాలేదు.

మంగళవారం ఫ్యాన్లన్నీ వేసి, పన్నెండో వరసలో కూర్చుని, ఆ ఒక్క వాక్యం నలభైసార్లు చెప్పించాను. 'నేను' ముందు ఊపిరి తీసుకోమన్నాను. మధ్యలో ఆగి, "నన్ను మార్చేస్తున్నారా సార్?" అంది. "ఊపిరి ఎక్కడ తీసుకున్నావు?" అన్నాను. మళ్ళీ చెప్పింది. ఈసారి 'లేదు' నా దాకా వచ్చింది. మార్చలేదు. నాది పొరపాటైతే మీకే తెలుస్తుంది.

ఇక మిగిలిన ఆటలకి పది, పదకొండు, పన్నెండు వరసలు అమ్మడం లేదు. ఆటకి 42 కుర్చీలు పోతాయి, పోనీ. ఆ వరసల్లో పాస్ ఉన్నవాళ్ళకి ముందు సీట్లు ఇస్తాం. ఉత్తరం రంగంలో ఫ్యాన్లు ఆపేస్తాం, తొమ్మిది నిమిషాలు ఉక్క భరించాలి. ఇంకొకాయన మిగిలిన ఆటలకి మైకులు ఇస్తానన్నాడు, వద్దన్నాను. పొగరంటున్నారు. కొంత నిజమే. కానీ పిల్లలు ఇప్పుడిప్పుడే చివరి వరసని చూసి మాట్లాడుతున్నారు. ఇప్పుడు మెడకి మైకు తగిలిస్తే మళ్ళీ చొక్కాతో మాట్లాడతారు.

మొదటి శనివారం వచ్చినవాళ్ళు ఏ ఆటకైనా మళ్ళీ రండి, డబ్బు కట్టక్కర్లేదు. టిక్కెట్టు పారేసినా ఫర్వాలేదు, ఏ వరసో చెప్పండి చాలు, నమ్ముతాం. రెండో వరసలో కూర్చుని వినపడలేదనేవాళ్ళతో మాత్రం వాదనకి దిగుతాను.