చెయ్యి పైకి లేచేదాకా చికిత్స ఇవ్వండి: తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

భుజంలో టెండన్ (కండరాన్ని ఎముకకు కట్టే తాడు) తెగినవాళ్లకు ఆపరేషన్ చేసే సర్జన్లం, ఆ తర్వాత నెలల తరబడి వాళ్ల చేతిని కదిలించే ఫిజియోథెరపిస్టులం కలిసి రాస్తున్నాం. 2023 డిసెంబర్ 9న ఆరోగ్యశ్రీ పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగింది. పెద్ద జబ్బులకు అది పెద్ద ఆసరా. భుజానికి మాత్రం కొరత పరిమితిలో లేదు. ఈ ఆపరేషన్ థియేటర్‌లో గంటన్నర, రెండు గంటల్లో అయిపోతుంది. అది నిలిచిందా లేదా అన్నది తేలేది తర్వాతి ఆరు నెలల్లో. ఆపరేషన్‌నూ ఆ ఆరు నెలలనూ కలిపి ఒకే చికిత్సగా లెక్కగట్టాలన్నది మా విన్నపం.

భుజం కీలులో బంతి పెద్దది, దాన్ని పట్టే గిన్నె సాసరంత. బంతి జారిపోకుండా నాలుగు కండరాల టెండన్లు చొక్కా చేతి కఫ్‌లా చుట్టుకుని ఉంటాయి. రొటేటర్ కఫ్ అంటే అదే. అందులో తరచుగా తెగేది పైనుండే సుప్రాస్పైనేటస్. జనం దీన్ని ‘నరం తెగింది’ అంటారు. తెగింది నరం కాదు, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు. మాటే కదా అనుకోవద్దు. నరమనుకున్నవాళ్లు బలం మాత్రలు మింగుతూ నెలలు గడిపేస్తారు.

తాటిచెట్టు మీంచి జారుతూ మోకు పట్టుకుని వేలాడిన గీత కార్మికుడికి, లారీ మీంచి బస్తా అందుకుంటూ తూలిన హమాలీకి ఒక్క దెబ్బకే తెగొచ్చు. వయసుతో అరిగి అరిగి చిరిగేది వేరు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. 60 దాటినవాళ్లలో చిరుగు ఉండీ ఏ నొప్పీ లేకుండా తిరిగేవాళ్లు చాలామంది. వాళ్ల ఎంఆర్ఐ కాగితం చూసి ఆపరేషన్ రాయడం సరికాదు. నొప్పి ఉన్నా, అరుగుదల చిరుగైతే ముందు మూడు నెలలు వ్యాయామం చేయించి చూడాలి. ఆరోగ్యశ్రీలో ప్యాకేజీ, అంటే ఆపరేషన్‌కు కట్టిన ధర, ఉంది కదా అని కోసేవాళ్లకు ముకుతాడు వేయాల్సింది ఇక్కడే.

దెబ్బ తగిలి తెగినవాళ్ల సంగతి ఇందుకు పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ ఆలస్యమే శత్రువు. మామూలుగా జరిగేదేమిటంటే, పడ్డ మనిషి చెయ్యి లేవడం లేదని వస్తాడు, ఎక్స్‌రే తీస్తారు, ఎముక బాగుంది, మాత్రలిచ్చి పంపేస్తారు. ఎక్స్‌రేలో టెండన్ కనిపించదు. నెల తర్వాత మళ్లీ వస్తే భుజంలో స్టెరాయిడ్ ఇంజెక్షన్. నొప్పి కాస్త తగ్గుతుంది, చెయ్యి మాత్రం లేవదు. పదేపదే వేస్తే టెండన్ మెత్తబడుతుంది. ఆపరేషన్‌కు ముందు నెలలోపు వేస్తే ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. ఈలోగా తెగిన టెండన్ సాగదీసి వదిలిన రబ్బరులా వెనక్కి లాక్కుపోతుంది, పని లేని కండరంలో కొవ్వు పేరుకుంటుంది. కండరమెంతో కొవ్వూ అంతే అయితే, ఆ కొవ్వును కొలిచే గుటాలియే స్కేలు మీద 3, కొవ్వే ఎక్కువైతే 4. ఆ దశలో కుట్టినా నిలవడం కష్టం, నిలిచినా చేరిన కొవ్వు పోదు. అందుకని మొదటి కోరిక: పడ్డాక రెండు వారాలైనా చెయ్యి లేపలేని మనిషికి జిల్లా ఆసుపత్రిలోనే భుజం అల్ట్రాసౌండ్ తీయాలి. మిషన్లు చాలాచోట్ల ఉన్నాయి, గర్భిణుల స్కానింగుకు వాడుతున్నారు. కావలసింది భుజానికి సరిపడే ప్రోబ్ (ఒంటికి ఆనించే పరికరం), దాన్ని వాడటంలో రేడియాలజిస్టులకు శిక్షణ. 40 దాటినవాళ్లకు భుజం జారి, సరిచేశాక కూడా చెయ్యి లేవకపోతే కఫ్ చూడకుండా పంపకూడదని ఓపీ గదిలో రాసి పెట్టించండి.

ఇక ఆపరేషన్. సెంటీమీటరు లోపు గాట్లు మూడో నాలుగో పెట్టి, కెమెరా దూర్చి, సెలైన్ నీటితో కీలును ఉబ్బించి చేస్తారు. ఎముక పైపొరను చెక్కి రక్తం ఊరనిస్తారు. అందులోకి దారాలున్న చిన్న మేకుల్లాంటి యాంకర్లు దించి, ఆ దారాలతో టెండన్‌ను తెచ్చి ఎముకకు అదిమి కట్టేస్తారు. చిరుగు సెంటీమీటరు లోపైతే చిన్నది, 3 వరకు మధ్యస్థం, 5 వరకు పెద్దది, ఆపైది భారీ. చిన్నదానికి ఒకటి రెండు యాంకర్లు చాలు. పెద్దదానికి రెండు వరుసల్లో నాలుగో అంతకు మించో పడతాయి. ఖర్చులో పెద్ద వాటా యాంకర్లదే. అన్ని చిరుగులకూ ఒకే ధర కడితే పెద్ద చిరుగును రెండు యాంకర్లతో సర్దేయాలన్న ఆశ పుట్టడం సహజం. ధరను చిరుగు సైజుతో ముడిపెట్టండి, వాడిన ప్రతి యాంకర్ స్టిక్కర్ కేసు షీటులో అతికించాల్సిందేనని నియమం పెట్టండి.

తర్వాతి నెలల గురించే మా అసలు గోడు.

స్లాబు పోసిన మర్నాడు సెంట్రింగ్ విప్పమని ఏ మేస్త్రీ చెప్పడు. ఇక్కడ సెంట్రింగ్ దారాలే. తొలి ఆరు వారాలు టెండన్‌ను ఎముకకు పట్టి ఉంచేది ప్రధానంగా అవే. పన్నెండు వారాలకు గానీ అతుకు తేలికపాటి బలం పనిని తట్టుకోదు. గట్టిపడటం ఏడాదిదాకా సాగుతుంది. దారం తెగడం, యాంకర్ ఊడటం కన్నా దారం టెండన్‌ను కోసుకుని బయటికి రావడమే తరచుగా జరుగుతుంది, కత్తి పనీర్‌లోంచి దిగినట్టు. చిరుగు ఎంత పెద్దదైతే, వయసు ఎంత మీదపడితే ఆ భయం అంత ఎక్కువ. షుగరు, పొగాకు దానికి తోడు.

తొలి రాత్రి నుంచే చిక్కులు మొదలవుతాయి. మెడ దగ్గర ఇచ్చిన మత్తు ఇంజెక్షన్ (బ్లాకు) వల్ల చెయ్యి పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటలు మొద్దుబారి ఉంటుంది. రోగి హాయిగా ఉంటాడు, మాత్ర వేసుకోడు. అర్ధరాత్రి బ్లాకు దిగగానే నొప్పి ఒక్కసారిగా మీదపడుతుంది. మొద్దు వదలకముందే తొలి మాత్ర పడాలని నర్సు చెప్పి పంపాలి. పడక వెల్లకిలా కాదు, వెనక నాలుగు దిళ్లు పెట్టుకుని ఒరిగి. బనియన్ తొడగేటప్పుడు ఆపరేషన్ చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర. నెలన్నర పాటు ముందు గుండీలున్న చొక్కా లేదా రవికే.

కట్టు విషయం చూడండి. మెడకు వేలాడదీసే మామూలు గుడ్డ బెల్టు చేతిని పొట్ట మీదికి లాగుతుంది. చెయ్యి ఒంటికి అంటుకున్న కొద్దీ కుట్టిన టెండన్ మీద లాగుడు పెరుగుతుంది. పెద్ద చిరుగు కుట్టినప్పుడు చంక కింద దిండున్న స్లింగ్ కావాలి, చెయ్యి ఒంటికి పదిహేను నుంచి ముప్పై డిగ్రీలు ఎడంగా నిలవాలి. ఇది లక్షల వస్తువేమీ కాదు. నాలుగు యాంకర్లు వేసి గుడ్డ బెల్టు కట్టి పంపడం ఇల్లు కట్టి తలుపు మరిచిపోవడమే.

వ్యాయామాల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైంది ఒక జిరాక్స్ కాగితం. పట్టేసిన భుజానికి, అంటే ఫ్రోజెన్ షోల్డర్‌కు ఇచ్చే కాగితమది. గోడ మీద వేళ్లతో పాకించడం, తలుపుకు కట్టిన కప్పీ తాడు లాగడం, కర్ర పట్టుకుని పైకెత్తడం అందులో ఉంటాయి. అదే కాగితం కుట్టిన భుజానికీ ఇచ్చేస్తున్నారు. పదో రోజున గోడ పాకించడం మొదలుపెడితే కుట్టు మీద నేరుగా బరువు పడుతుంది. తొలి ఆరు వారాల్లో మోచెయ్యి, మణికట్టు, వేళ్లు రోజూ ఆడించాలి. భుజాన్ని మాత్రం ఫిజియోథెరపిస్టే పట్టి, సర్జన్ రాసిన హద్దు దాకా కదపాలి. బల్ల పట్టుకుని వంగి చెయ్యి వేలాడదీసే లోలకం వ్యాయామంలో ఊగాల్సింది ఒళ్లు. చెయ్యి దాని వెంట పోవాలి తప్ప తనంతట తాను తిరగకూడదు. ఆరు వారాల తర్వాత కర్ర, కప్పీ, మంచి చేతి సాయం. ఎనిమిది వారాలు వచ్చేసరికి సాయం లేకుండా. పన్నెండు దాటాకే రబ్బరు బ్యాండు. భయపడి అసలే కదపనివాళ్లదీ తిప్పలే: కీలు బిగుసుకుపోతుంది, షుగరున్నవాళ్లకు మరీ.

మరో చిత్రం: ఎనిమిదో వారానికి నొప్పి చాలావరకు పోతుంది. అసలు గండం అప్పుడే. అతుకు పచ్చిగా ఉన్నా మనిషికి బాగైనట్టే ఉంటుంది, ఇంట్లో బియ్యం నిండుకుని ఉంటాయి. 40 కిలోల ధాన్యం బస్తా భుజాన పడుతుంది, లేదా కదిలే ఆర్టీసీ బస్సు ఎక్కుతూ అదే చేత్తో రాడ్డు పట్టుకుని లాక్కుంటాడు. బరువు పని ఆరు నెలల దాకా వద్దని చెప్పడం మాకు తేలికే, ఆ ఆరు నెలలు కూలీ ఎవరిస్తారో చెప్పలేం. కార్మిక శాఖతో మీరు మాట్లాడాల్సిన సంగతి అది.

మా లెక్క ప్రకారం తొలి ఆరు వారాలు వారానికొకసారి, తర్వాతి ఆరు వారాలు వారానికి రెండుసార్లు, ఆపైన ఆరో నెల దాకా పదిహేను రోజులకొకసారి ఫిజియోథెరపీ కావాలి. మొత్తం 24 సార్లు. ఇవి హైదరాబాద్‌లోనో వరంగల్‌లోనో కాక రోగి ఊరికి దగ్గరి ఏరియా ఆసుపత్రిలో జరగాలి. ఆడవాళ్లకు ఆర్టీసీలో టికెట్ లేదు సరే, హమాలీ రానూపోనూ ఛార్జీ 24 సార్లు పెట్టుకోలేడు. అతని ఛార్జీ ప్యాకేజీలో కలపండి. ఆసుపత్రికి చెల్లించే మొత్తంలో కొంత ఆపి, ఆరో నెల చివర చెయ్యి ఎంతవరకు లేస్తోందో కొలిచి నమోదు చేశాకే విడుదల చేయండి.

ఏరియా ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు సరిగా పనిచేయాలంటే అతని చేతికి సరైన డిశ్చార్జి కాగితం రావాలి. ‘కఫ్ రిపేరు చేశాం, ఫిజియోథెరపీ చేయించుకోండి’ అని రాస్తే ఏం తెలుస్తుంది? ఏ టెండన్, చిరుగు ఎన్ని సెంటీమీటర్లు, ఎన్ని యాంకర్లు, టెండన్ నాణ్యత ఎలా ఉంది, స్లింగ్ ఎన్ని వారాలు, చెయ్యి ముందుకు ఎంతవరకు లేపొచ్చు, బయటికి ఎన్ని డిగ్రీలు తిప్పొచ్చు, సొంతంగా కదపడం ఏ తేదీ నుంచి, బరువు ఏ తేదీ నుంచి. కఫ్‌లో ముందువైపున్న టెండన్ సబ్‌స్కాపులారిస్ కూడా కుట్టి ఉంటే బయటికి తిప్పే హద్దు తగ్గుతుంది. అది రాయకపోతే మంచి ఫిజియోథెరపిస్టే తన చేతులతో కుట్టు తెంపగలడు. జ్వరం, గాటు నుంచి చీము, టప్‌మన్న శబ్దంతో చెయ్యి పడిపోవడం, వేళ్లు వాచి రంగు మారడం, ఈ నాలుగింటిలో ఏదొచ్చినా అదే రోజు రమ్మని అడుగున తెలుగులో ఉండాలి.

ఆ కాగితం నమూనా మేమే రాసిస్తాం. అర పేజీ మించదు. ఆరోగ్యశ్రీ ట్రస్టులో ఎవరిని కలవమంటారో చెబితే తెచ్చి ఇస్తాం.

ఇట్లు,
భుజం రోగులను చూసే కొందరు ఎముకల సర్జన్లు, ఫిజియోథెరపిస్టులు